ఆస్పత్రి మంచం నుంచి ఆలుమగల మధ్యకు

1952 నవంబరులో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో డాక్టర్లూ నర్సులూ ఒక చిన్న సినిమా చూడటానికి కూర్చున్నారు. తీసినాయన జేమ్స్ రాబర్ట్‌సన్. అంతకుముందు ఆయన సినిమా తీసి ఎరగడు. అందులో చెప్పుకోదగ్గ కథ కూడా లేదు. లారా అనే రెండున్నరేళ్ళ పిల్ల హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంటుంది, అంతే. ఆ రోజుల్లో ఇంగ్లండు ఆస్పత్రుల్లో పిల్లల పక్కన తల్లి ఉండటానికి వీల్లేదు. వచ్చి చూసి పోవడానికి కూడా గంటలు లెక్కపెట్టి ఇచ్చేవారు. లారా గుక్కపట్టి ఏడ్చే రకం కాదు. ఏడుపు దిగమింగుకుంటూ అమ్మ ఎక్కడని అడుగుతుంది. రోజులు గడిచేకొద్దీ మొహంలో కళ తగ్గిపోతుంది. తీరా అమ్మ వచ్చి మంచం పక్కన నిలబడితే మొహం తిప్పుకుంటుంది.

సినిమా చూసిన వైద్యులకు కోపం వచ్చింది. తమ వార్డుల్లో పిల్లలు హాయిగానే ఉంటారనీ, ఈ పిల్ల అందరిలాంటిది కాదనీ వాదించారు. అయినా ఆ సినిమా మిగిల్చిన ప్రశ్న పోలేదు. బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన ప్లాట్ కమిటీ 1959లో, పిల్లల వార్డుల తలుపులు తల్లిదండ్రులకు తెరిచి ఉంచాలని సిఫారసు చేసింది.

అలిసిపోయి మొహం తిప్పుకున్న ఆ పసిపిల్లకూ, మాటామాటా పెరిగి ఎడమొహం పెడమొహంగా పడుకునే భార్యాభర్తలకూ సంబంధం ఉందని అప్పుడెవరూ అనుకోలేదు. అది బయటపడటానికి మరో ముప్ఫై ఏళ్ళు పట్టింది. దంపతులకు సాయం చేసే పద్ధతిని మార్చేసిన ఆవిష్కరణ అది.

పాలకోసం కాదు

రాబర్ట్‌సన్ పనిచేసింది లండన్ టావిస్టాక్ క్లినిక్‌లో, మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ దగ్గర. బౌల్బీ 1907లో పుట్టాడు. తండ్రి పేరున్న సర్జన్. ఆ కాలపు సంపన్న కుటుంబాల ఆచారం ప్రకారం పిల్లలు ఆయాల చేతుల్లో పెరిగేవారు. తల్లిని చూసేది రోజుకు గంటసేపు. తనను కన్నతల్లిలా చూసుకున్న ఆయా, బౌల్బీకి నాలుగేళ్ళు వచ్చే వేళకు పని మానేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత బోర్డింగు స్కూలు. ఎడబాటు పసివాళ్ళను ఏం చేస్తుందన్నది ఆయన జీవితాంతం వెంటాడిన ప్రశ్న.

1944లో ఆయన దొంగతనాలకు అలవాటుపడిన 44 మంది పిల్లల గురించి ఒక అధ్యయనం ప్రచురించాడు. వాళ్ళలో ఎవరిమీదా మమకారం లేనట్టు ప్రవర్తించే పిల్లలున్నారు. వాళ్ళ గతం తవ్వి చూస్తే చాలామంది చిన్నప్పుడే తల్లికి చాలాకాలం దూరమైనవాళ్ళు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిన నివేదికలో ఇదే విషయాన్ని ఇంకా గట్టిగా చెప్పాడు. తల్లికి దూరమైన పిల్లలు మూడు దశలు దాటుతారని రాబర్ట్‌సన్, బౌల్బీ గుర్తించారు. మొదట ఎదురుతిరగడం, ఏడవడం, వెతకడం. తర్వాత ఆశ వదులుకుని దిగాలుపడటం. చివరికి ఏమీ పట్టనట్టు అయిపోవడం. ఈ మూడో దశనే నర్సులు పిల్ల ‘సర్దుకుంది’ అనుకునేవారు. నిజానికి అది సర్దుకోవడం కాదు, ఆశ చంపుకోవడం.

బిడ్డ తల్లిని అంటిపెట్టుకునేది ఎందుకు? పాలకోసం అన్నది అప్పటి జవాబు. ఫ్రాయిడ్ వారసులూ, ప్రవర్తనావాదులూ మిగతా ఏ విషయంలో తగవుపడినా ఇందులో దాదాపు ఒకే మాట చెప్పేవారు. బౌల్బీకి అది నచ్చలేదు. గుడ్డులోంచి బయటికి రాగానే కనిపించినవాళ్ళ వెంట పడే బాతుపిల్లల గురించి కోన్రాడ్ లోరెంజ్ రాసింది ఆయన చదివాడు. వాటికి ఎవరూ తిండి పెట్టి మచ్చిక చేసుకోలేదు. 1958లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో హ్యారీ హార్లో కోతిపిల్లలతో చేసిన ప్రయోగం వెలువడింది. ఇనపతీగ బొమ్మతల్లి దగ్గర పాలసీసా ఉంది, మెత్తటి గుడ్డ చుట్టిన బొమ్మతల్లి దగ్గర పాలు లేవు. పిల్లలు తాగడానికి ఇనపతల్లి దగ్గరికి వెళ్ళి, ఎక్కువ సేపు గుడ్డతల్లినే కరుచుకుని ఉన్నాయి. భయం వేస్తే పరిగెత్తింది కూడా ఆమె దగ్గరికే.

అదే ఏడాది బౌల్బీ తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. దానికి అటాచ్‌మెంట్ సిద్ధాంతం అని పేరు స్థిరపడింది, మన భాషలో అనుబంధ సిద్ధాంతం. భయమో, నొప్పో, అలసటో కలిగినప్పుడు తనవాళ్ళ దగ్గరికి చేరాలనుకోవడం ఆకలి, దాహం లాంటిదే, పుట్టుకతో వచ్చిన అవసరం అన్నాడు. అండ ఉందన్న నమ్మకం ఉన్న బిడ్డే ధైర్యంగా లోకం చూడటానికి బయల్దేరుతుందన్నాడు. ఈ అవసరం మనిషికి ఊయల నుంచి కాటి దాకా ఉంటుందని కూడా అన్నాడు. ఆ చివరి మాటను అప్పట్లో ఎక్కువమంది పట్టించుకోలేదు.

ఇరవై నిమిషాల పరీక్ష

సిద్ధాంతాన్ని కళ్ళతో చూసి, కొలిచి చూపించింది మేరీ ఐన్స్‌వర్త్. కెనడాలో చదువుకున్న ఈ మనస్తత్వ శాస్త్రవేత్త భర్తతో పాటు 1950లో లండన్ వచ్చింది. పత్రికలో ఉద్యోగ ప్రకటన చూసి బౌల్బీ బృందంలో చేరింది. 1954లో భర్త ఉద్యోగం వల్ల ఉగాండా వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ ఊరికే కూర్చోలేదు. కంపాలా పరిసర గ్రామాల్లో 26 కుటుంబాల ఇళ్ళకు నెలల తరబడి వెళ్తూ తల్లీబిడ్డలను చూసింది. తల్లి ఎంతసేపు ఎత్తుకుంటుందన్న దానికన్నా, బిడ్డ పిలుపును ఎంత సరిగా పోల్చుకుని స్పందిస్తుందన్నదే ముఖ్యమని ఆమెకు అక్కడే తోచింది.

తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో మరో 26 కుటుంబాలను బిడ్డ మొదటి ఏడాదంతా గమనించి, ఏడాది నిండే సమయానికి పిల్లలకు ఒక పరీక్ష పెట్టింది. బొమ్మలున్న గదిలో తల్లీబిడ్డా ఉంటారు. కొత్త మనిషి వస్తుంది. తల్లి బయటికి వెళ్తుంది, తిరిగి వస్తుంది, మళ్ళీ వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. అంతా కలిపి ఇరవై నిమిషాలు. తల్లి వెళ్ళినప్పుడు బిడ్డ ఏడ్చిందా లేదా అన్నది ఐన్స్‌వర్త్‌కు అంత ముఖ్యం కాలేదు. తిరిగొచ్చినప్పుడు ఏం చేసిందన్నదే అసలు సంగతి.

ఎక్కువమంది పిల్లలు ఏడ్చినా, తల్లి రాగానే చంకెక్కి కాసేపట్లో ఊరట పొంది మళ్ళీ ఆటలో పడ్డారు. వీళ్ళది భద్రమైన అనుబంధం అంది. కొందరు తల్లిని గట్టిగా పట్టుకుంటూనే కాళ్ళతో తన్నారు, ఎత్తుకున్నా ఊరడిల్లలేదు. వీళ్ళది ఆత్రుత. మరికొందరు తల్లి వచ్చినట్టే గమనించనట్టు బొమ్మలవైపు తిరిగారు. వీళ్ళది దూరం జరిగే తీరు. తరువాతి పరిశోధకులు ఈ మూడో రకం పిల్లల గుండె వేగం కొలిచారు. పైకి నిమ్మకు నీరెత్తినట్టున్న ఆ పిల్లల గుండెలు లోపల వేగంగా కొట్టుకుంటున్నాయి. ఇంట్లో ఏడ్చి ప్రయోజనం లేదని నేర్చుకున్న పిల్లలు, బాధ లేనట్టు కనిపించడం నేర్చుకున్నారు.

పెద్దవాళ్ళ ప్రేమకు పేపర్లో ప్రశ్నలు

ఊయల దాటి కథ ముందుకు నడిచింది బోస్టన్‌లో. రాబర్ట్ వైస్ అనే సామాజిక శాస్త్రవేత్త విడిపోయిన భార్యాభర్తలతో కలిసి పనిచేస్తూ ఒక వింత గమనించాడు. ఆ మనిషి మీద ప్రేమ పోయిందని చెప్పేవాళ్ళూ, తామే కోరి విడిపోయినవాళ్ళూ కూడా ఎడబాటుకు తల్లడిల్లిపోతున్నారు. నిద్ర లేదు, కుదురు లేదు, ఆ మనిషి ఎక్కడుందో తెలుసుకోవాలన్న తపన. తల్లికి దూరమైన పిల్లల గురించి బౌల్బీ రాసింది వీళ్ళకు అచ్చంగా సరిపోయింది. ప్రేమ పోయినా అనుబంధం పోలేదని 1975లో ప్రచురించిన పుస్తకంలో వైస్ చెప్పాడు.

పదేళ్ళ తర్వాత డెన్వర్ విశ్వవిద్యాలయంలో సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ మరో అడుగు వేశారు. ఐన్స్‌వర్త్ పసిపిల్లల్లో చూసిన మూడు తీరులనూ పెద్దల ప్రేమ భాషలో మూడు చిన్న పేరాలుగా రాశారు. ఒకటి, ఇతరులకు దగ్గరవడం నాకు తేలికే అనేవాళ్ళది. రెండు, ఎవరైనా మరీ దగ్గరికొస్తే నాకు ఇబ్బంది అనేవాళ్ళది. మూడు, నేను కోరినంత దగ్గరగా ఎవరూ రారు, వదిలేస్తారేమోనని దిగులు అనేవాళ్ళది. వీటిని 1985లో రాకీ మౌంటెన్ న్యూస్ అనే స్థానిక దినపత్రికలో ప్రేమ ప్రశ్నావళిగా అచ్చువేయించి, మీకు ఏది సరిపోతుందో గుర్తుపెట్టి పంపండన్నారు. ఉత్తరాలు వెల్లువెత్తాయి.

మొదట అందిన 620 జవాబులను లెక్కవేస్తే సగానికి పైగా, నూటికి 56 మంది, భద్రమైన తీరును ఎంచుకున్నారు. నూటికి 25 మంది దూరం జరిగేవాళ్ళు, 19 మంది ఆత్రుత పడేవాళ్ళు. తమకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రేమబంధం ఎన్నాళ్ళు సాగిందన్న ప్రశ్నకు భద్రమైనవాళ్ళ సగటు పదేళ్ళు. మిగతా రెండు రకాల వాళ్ళకూ అది అయిదారేళ్ళే. 1987లో అచ్చయిన ఆ పరిశోధనాపత్రంతో అనుబంధ సిద్ధాంతం పడకగదిలోకీ, వంటింట్లోకీ ప్రవేశించింది.

తరువాత వచ్చినవాళ్ళు ఈ మూడు గళ్ళను సరిదిద్దారు. 1991లో బార్తలోమ్యూ, హొరోవిట్జ్ నాలుగో తీరును చేర్చారు. దగ్గరితనం కావాలి, దానికే భయం అన్న తీరు అది. 1998లో బ్రెన్నన్, క్లార్క్, షేవర్ వెయ్యిమందికి పైగా విద్యార్థుల జవాబులను విశ్లేషించి, మనుషులను గళ్ళలో పెట్టడం కన్నా రెండు కొలతలు చాలన్నారు. వదిలేస్తారన్న ఆత్రుత ఎంత, దగ్గరితనాన్ని తప్పించుకోవడం ఎంత. ఈ రెండూ ప్రతి మనిషిలోనూ ఎంతో కొంత ఉంటాయి. రెండూ తక్కువుంటే భద్రత. ఏది పెరిగినా దాంపత్యంలో తృప్తి తగ్గుతుందని ఎన్నో అధ్యయనాలు పదే పదే చూపాయి.

కానీ తృప్తి వేరు, కలిసుండటం వేరు. 1994లో ప్రచురించిన అధ్యయనం కోసం కిర్క్‌పాట్రిక్, డేవిస్ 354 ప్రేమజంటలను మూడేళ్ళపాటు గమనించారు. ఆత్రుతపడే స్త్రీ, దూరం జరిగే పురుషుడు కలిసిన జంటల్లో సంతోషం తక్కువ. అయినా అవి విడిపోకుండా నిలిచాయి. ఇల్లు నిలబడింది కదా అని ఇంట్లోవాళ్ళు బాగున్నారనుకోకూడదని ఆ లెక్క చెబుతోంది. మన చుట్టుపక్కల ఇలాంటి కాపురాలు ఎన్నో మనందరికీ తెలుసు.

ఒప్పందాల నుంచి అనుబంధానికి

ఇక దంపతుల చికిత్స కథ. విచిత్రమేమిటంటే అది బౌల్బీ ఉన్న చోటికి దగ్గర్లోనే మొదలై, ఆయన కనుగొన్న దాన్ని చాలాకాలం వాడుకోలేదు. యుద్ధం తర్వాత, 1948లో, టావిస్టాక్ సహకారంతో ఈనిడ్ బాలింట్ చొరవతో దంపతుల సమస్యలపై ఒక సంస్థ పుట్టింది. అమెరికాలో మాత్రం దారి వేరైంది. అక్కడ ప్రవర్తనావాదుల మాట చెల్లింది. 1969లో రిచర్డ్ స్టూవర్ట్ భార్యాభర్తలకు ఇచ్చిపుచ్చుకునే ఒప్పందాలు రాయించాడు. నువ్వు నాతో ఇంతసేపు మాట్లాడితే, నేను నీకు ఇది చేస్తాను అన్న ధోరణి. నీల్ జేకబ్సన్ లాంటివాళ్ళు దీన్ని ఇంకా పదును పెట్టి, సరిగా మాట్లాడటం, సమస్యను విడదీసి పరిష్కరించుకోవడం నేర్పారు. చాలామందికి మేలు జరిగింది. కానీ మేలు పొందిన జంటల్లో చాలామంది కొన్నాళ్ళకు మళ్ళీ మొదటికొస్తున్నారని స్వయంగా జేకబ్సనే నిజాయితీగా లెక్కతీసి చెప్పాడు.

ఇదే సమయంలో కెనడా పశ్చిమ తీరంలో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో సూ జాన్సన్ అనే పరిశోధక విద్యార్థిని దంపతులతో పనిచేస్తోంది. ఆమె ఇంగ్లండులో చాటమ్ పట్టణంలో 1947లో పుట్టింది. తల్లిదండ్రులు పబ్ నడిపేవారు. వాళ్ళిద్దరికీ పడేది కాదు. వ్యక్తులకు చికిత్స చేయడం తెలిసిన జాన్సన్‌కు దంపతుల గొడవల ముందు తన చదువు పనిచెయ్యలేదు. అందుకని కూర్చుని చికిత్స సమయంలో తీసిన టేపులు చూసింది. ఏ క్షణంలో జంట మెత్తబడుతోంది, ఏ మాటతో మళ్ళీ బిగుసుకుంటోందో పట్టిపట్టి చూసింది. గురువు లెస్లీ గ్రీన్‌బర్గ్‌తో కలిసి ఒక పద్ధతి రాసింది. దాని పేరు ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీ, క్లుప్తంగా ఇ.ఎఫ్.టి.

వాళ్ళు దాన్ని పరీక్షకు పెట్టి 1985లో ఫలితాలు ప్రచురించారు. 45 జంటలను మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి ఇ.ఎఫ్.టి., ఒక భాగానికి సమస్యా పరిష్కార శిక్షణ, ఇంకొక భాగం తమ వంతు కోసం వేచి ఉంది. ఎనిమిది విడతల తర్వాత రెండు చికిత్సలూ వేచి ఉన్నవాళ్ళకన్నా మేలు చేశాయి. వాటిలోనూ ఇ.ఎఫ్.టి. ముందుంది. పద్ధతి పనిచేసింది గానీ ఎందుకు పనిచేసిందో జాన్సన్‌కు తేలలేదు. తేలింది బౌల్బీని దగ్గర పెట్టుకుని చదివాకే. టేపుల్లో ఆమె చూసింది బేరాలు కుదరని వ్యాపారం కాదు, ఎడబాటుకు తల్లడిల్లుతున్న ఇద్దరు మనుషులను. దాంపత్యం ఒప్పందమా, అనుబంధమా అన్న ప్రశ్నతో 1986లో ఆమె రాసిన వ్యాసం ఈ మలుపును నమోదు చేసింది.

గొడవ అడుగున ఏముంది

మనకు తెలిసిన ఒక గొడవ తీసుకుందాం. “నేను చెప్పేది మీకెప్పుడైనా పట్టిందా?” అని భార్య గొంతు పెంచుతుంది. భర్త ఫోన్లోంచి తల ఎత్తడు. “ఇప్పుడెందుకు ఆ గొడవ?” అంటాడు. ఆమె ఇంకో నాలుగు పాత సంగతులు తవ్వుతుంది. అతను లేచి బయటికి పోతాడు. ఆమెది సాధింపు అని అతను, అతనిది మొండితనం అని ఆమె. ఎవరిది తప్పని పెద్దలు పంచాయితీ పెడతారు.

ఇ.ఎఫ్.టి. చికిత్సకులు ఆ పంచాయితీ పెట్టరు. శత్రువు మీలో ఎవరూ కాదు, మీ ఇద్దరినీ తిప్పుతున్న ఈ గానుగే శత్రువు అని ముందు చూపిస్తారు. ఆమె ఎంత వెంటపడితే అతను అంత ముడుచుకుపోతాడు, అతను ఎంత ముడుచుకుపోతే ఆమె అంత వెంటపడుతుంది. తర్వాత, అరుపుకూ మౌనానికీ అడుగున ఉన్నదాన్ని నెమ్మదిగా పైకి తెస్తారు. “తను గొంతు పెంచినప్పుడు మీకు లోపల ఏమవుతుంది?” అని అతన్ని అడుగుతారు. “నేనేం చేసినా చాలదనిపిస్తుంది. నోరు తెరిస్తే ఇంకా పాడవుతుందని ఊరుకుంటాను” అని అతను చెప్పగలిగితే, ఆ మౌనం నిర్లక్ష్యం కాదని ఆమెకు మొదటిసారి తెలుస్తుంది. “మీరు మాట్లాడకపోతే ఈ ఇంట్లో నేను లేనట్టే అనిపిస్తుంది, భయమేస్తుంది” అని ఆమె చెప్పగలిగితే, ఆ అరుపు తనను పిలిచే పిలుపని అతనికి తెలుస్తుంది. చివరి దశలో ఈ కొత్త తీరును పాత సమస్యల మీద వాడి చూస్తారు. అత్తగారి విషయమో, డబ్బు విషయమో అప్పుడు మాట్లాడుకోవడం తేలికవుతుంది.

ఐన్స్‌వర్త్ గదిలో కాళ్ళతో తన్నుతూనే తల్లిని పట్టుకున్న బిడ్డా, బొమ్మలవైపు తిరిగిన బిడ్డా ఈ ఇంట్లో పెద్దవాళ్ళై ఎదురెదురుగా ఉన్నారు.

ఫలితాలు ఏం చెప్పాయి

1999లో జాన్సన్ బృందం నాలుగు పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే, నూటికి 70 నుంచి 73 జంటలు చికిత్స ముగిసేసరికి తీవ్రమైన అసంతృప్తి నుంచి బయటపడ్డాయని తేలింది. ఇది పద్ధతిని తయారుచేసినవాళ్ళ లెక్క అని గుర్తుంచుకోవాలి. అయినా తర్వాతి పరిశోధనలు కూడా మేలు నిజమేనని చెప్పాయి.

2006లో జేమ్స్ కోన్ అనే శాస్త్రవేత్త 16 మంది వివాహితలను మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, కాలికి చిన్న కరెంటు షాక్ తగలవచ్చని హెచ్చరించాడు. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులో భయానికి స్పందించే భాగాలు శాంతించాయి. కాపురంలో తృప్తి ఎక్కువున్నకొద్దీ ఊరట ఎక్కువ కనిపించింది. 2013లో జాన్సన్, కోన్ కలిసి కష్టాల్లో ఉన్న జంటలను ఇదే పరీక్షకు తెచ్చారు. చికిత్సకు ముందు ఆ స్త్రీలకు భర్త చెయ్యి ఊరట ఇవ్వలేదు. చికిత్స తర్వాత ఇచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, అనుబంధ తీరు మారుతుందా అన్నది. 2016లో బర్జెస్ మోసర్, జాన్సన్ తదితరులు 32 జంటలను విడత విడతకూ కొలిచారు. తృప్తి పెరిగింది. దూరం జరిగే గుణం తగ్గింది. నిందించే వ్యక్తి మెత్తబడి తన భయాన్ని బయటపెట్టుకోగలిగిన జంటల్లో ఆత్రుత కూడా తగ్గింది. చిన్నతనంలో నేర్చుకున్నది నలభై ఏళ్ళ వయసులో కూడా తిరగరాసుకోవచ్చని ఇది చెబుతోంది.

మంచి చికిత్స ఇదొక్కటే కాదు. జేకబ్సన్ తన పాత పద్ధతిని పక్కనపెట్టి, ఆండ్రూ క్రిస్టెన్సెన్‌తో కలిసి అవతలి మనిషిని అంగీకరించడం నేర్పే మరో పద్ధతి తెచ్చాడు. పాత పద్ధతితో పోల్చి 134 జంటల మీద దాన్ని పరీక్షించారు. ఈ జంటలన్నీ ఏళ్ళ తరబడి నలిగినవే. అయిదేళ్ళ తర్వాత చూస్తే దాదాపు సగం జంటలు మెరుగ్గా ఉన్నాయి, నాలుగో వంతుకు పైగా విడిపోయాయి. ఏ పద్ధతికైనా ఇదే హద్దు. ఇది మంత్రం కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు మరీ కష్టం.

ఇంకొక హద్దు మరీ ముఖ్యం. కొట్టే ఇంట్లో, బెదిరింపు ఉన్న ఇంట్లో ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి మనసు విప్పి మాట్లాడమనడం ప్రమాదం. ఇ.ఎఫ్.టి. నేర్పేవాళ్ళే ఆ మాట స్పష్టంగా చెబుతారు. అక్కడ ముందు కావలసింది రక్షణ, ఆ తర్వాతే ఏదైనా. దెబ్బలు తిన్న ఆడపిల్లకు “సర్దుకుపో” అనడానికి ఈ శాస్త్రం నుంచి ఒక్క మాట కూడా సాక్ష్యంగా దొరకదు.

మన దేశంలో 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం, విడాకుల కోసం వచ్చినవాళ్ళ మధ్య రాజీకి ముందు ప్రయత్నించమంటుంది. కౌన్సెలర్ల సాయానికీ వీలు కల్పించింది. మంచిదే. కానీ అక్కడికి చేరేసరికి చాలా జంటలు రాబర్ట్‌సన్ చూసిన మూడో దశకు వచ్చేసి ఉంటాయి. అరుపులు ఆగిపోయి, ఏమీ పట్టనట్టు అయిపోయే దశ అది. ఇంట్లో ఇంకా పోట్లాడుకుంటున్నారంటే ఇంకా ఆశ ఉన్నట్టే. సాయం కోరవలసిన సమయం అదే.

ఈ రోజుల్లో అనుబంధ తీరుల పేర్లు ఫోన్లలో విరివిగా తిరుగుతున్నాయి. పదినిమిషాల ప్రశ్నావళి నింపి, “మా ఆయనది దూరం జరిగే రకం, ఇక మారడు” అని ముద్ర వేసేవాళ్ళున్నారు. డెబ్బయ్యేళ్ళ ఈ పరిశోధన చెప్పింది సరిగ్గా దానికి వ్యతిరేకం. తీరు అనేది ఒక మనిషి భయానికి నేర్చుకున్న జవాబు. ఎదుటివాళ్ళు ఆ భయానికి కొత్తగా స్పందిస్తే జవాబూ మారుతుంది. కాబట్టి మీ ఇంట్లో ఈసారి గొంతు పెరిగినప్పుడో, తలుపు మూసుకున్నప్పుడో ముద్ర వెయ్యకండి. “నీకు దేనికి భయమేసింది?” అని అడగండి. అడిగే ధైర్యం చాలకపోతే, నేర్చుకున్న చికిత్సకుల దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఆలస్యం కాకముందే వెళ్ళండి.